కంటి రబ్బరు ఎక్కడ దొరుకుతుంది?

టెలిస్కోపులో అన్నిటికన్నా ముందు పాడయ్యేది అద్దమూ కాదు, కటకమూ కాదు. ఐపీసు చుట్టూ ఉండే కంటి రబ్బరు. కొందరు దాన్ని ఐగార్డ్ అంటారు, కొందరు ఐకప్ అంటారు. సహజ రబ్బరుకు వేడి పడదు, ఎండలోని అతినీలలోహిత కిరణాలు పడవు, గాలిలోని ఓజోను పడదు. పైగా తలనూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో వీటిలో దేనికీ కొదవ లేదు. మే నెలలో 45 డిగ్రీలు దాటే రామగుండంలో ఒక బడి బీరువా లోపల వేడి ఎంతుంటుందో ఊహించుకోవచ్చు. సెలవులయ్యాక తలుపు తీస్తే రబ్బరు వేలికి జిగటగా అంటుకుంటుంది, లేదంటే మడత దగ్గర పగిలి ఊడి వస్తుంది.

అప్పుడు సైన్సు మాస్టారు అడిగే ప్రశ్న ఒకటే: కొత్తది ఎక్కడ దొరుకుతుంది? మన దగ్గర సిద్ధంగా దొరకదు, చేసుకోవాలి. అంతటితో తేలిపోతే వ్యాసం అక్కర్లేదు. ఏ రబ్బరు మంచిదన్న చర్చే ఎప్పుడూ నడుస్తుంది కానీ, ఆ ఐపీసుకు కన్ను ఆనించేది ఎవరు అన్నది ఎవరూ ముందుగా అడగరు. ఇంటి మిద్దె మీద ఒక్కడే కూర్చుని నీహారికలు వెతికేవాడికి కావలసింది వేరు, బడి ఆవరణలో రెండు వందల మంది పిల్లలకు శని వలయం చూపించే టీచరుకు కావలసింది వేరు. మొదటివాడికి పనికొచ్చే రబ్బరు రెండోచోట హాని కూడా చేయవచ్చు.

అసలు అది చేసే పనులు మూడు. పక్కనుంచి వచ్చే వెలుతురును ఆపడం మొదటిది. చీకట్లోకి వచ్చిన పది నిమిషాలకే కొంత చూపు తేరుకున్నట్టు అనిపిస్తుంది గానీ, కన్ను పూర్తిగా చీకటికి అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. వయసులో ఉన్నవారి కంటిపాప చీకట్లో దాదాపు 7 మి.మీ. వరకు తెరుచుకుంటుంది, వయసు మళ్లాక 5 మి.మీ.కి అటూ ఇటూ ఆగిపోతుంది. ఇంత ఓపికపట్టి తెచ్చుకున్న చూపును పక్కింటివాళ్ల ఎల్‌ఈడీ బల్బు క్షణంలో చెడగొడుతుంది. ఆ వెలుతురు కంటిపాపను కుదించడంతో ఆగదు, ఐపీసు పై కటకం మీద పడి మెరిసి దృశ్యాన్ని వెలవెలబోయేలా చేస్తుంది.

చంద్రుణ్ణో గురుణ్ణో చూసేవాళ్లకు ఈ బాధ దాదాపు లేదు. వాటి వెలుగు ముందు పక్కలైటు ఎంత? మృగశిర మండలంలోని మహానీహారిక అంచులు, దేవయాని గెలాక్సీ, పుష్యమిలోని నక్షత్రాల గుంపు వెనకున్న మసక చుక్కలు చూడాలనుకున్నప్పుడే రబ్బరు విలువ తెలుస్తుంది. కరీంనగర్ పట్టణం నడిబొడ్డున అయితే రబ్బరు ఉన్నా వాటిలో సగం కనిపించవు, ఎందుకంటే అక్కడ ఆకాశమే వెలుగుతోంది. కంటి రబ్బరు పక్కలైటును ఆపగలదు కానీ ఆకాశంలో కమ్ముకున్న వెలుగును ఆపలేదు. ఈ తేడా తెలియక రబ్బరు మార్చి నిరాశపడేవాళ్లున్నారు. జన్నారం, ఉట్నూరు వైపు, కవ్వాల్ అడవి అంచుల్లో పరిస్థితి తలకిందులు. అక్కడ ఆకాశం నల్లగా ఉంటుంది, వెనక నిలబడ్డ మిత్రుడి ఫోనే శత్రువు.

రెండో పని కన్నును సరైన దూరంలో నిలపడం. ఐపీసు నుంచి వెలువడే కాంతి పుంజం కటకానికి కొంత పైన సన్నబడి ఒకచోట చేరుతుంది. కంటిపాప సరిగ్గా అక్కడ ఉంటేనే పూర్తి దృశ్యం కనబడుతుంది. ఆ దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. ప్లాసల్ రకం ఐపీసులో అది ఫోకల్ దూరంలో దాదాపు 70 నుంచి 80 శాతం. అంటే 10 మి.మీ. ప్లాసల్‌కు 7 మి.మీ. చిల్లర, 32 మి.మీ. ప్లాసల్‌కు 22 మి.మీ. దాకా. మొదటిదానికి రబ్బరు పొడవుగా ఉంటే కన్ను చేరవలసిన చోటికి చేరదు, దృశ్యం అంచులు కోసేసినట్టు ఉంటాయి. రెండోదానికి రబ్బరు పొట్టిదైతే కన్ను మరీ దగ్గరికి వెళ్లిపోతుంది, చిక్కుడు గింజ ఆకారంలో నల్లటి నీడలు అటూ ఇటూ తేలుతుంటాయి. కొత్తవాళ్లు ఆ నీడలను చూసి టెలిస్కోపు చెడిపోయిందనుకుంటారు. చెడింది టెలిస్కోపు కాదు, చాలని రబ్బరు. అమెరికాలోని టెలివ్యూ కంపెనీ తన 32, 40 మి.మీ. ప్లాసల్ ఐపీసుల కోసం రబ్బరును పైకి పెంచే రింగు విడిగా అమ్ముతుందంటే ఈ చిక్కు ఎంత మామూలో తెలుస్తుంది.

చౌక టెలిస్కోపులతో వచ్చే 4 మి.మీ. ఐపీసు సంగతి చెప్పి ముందుకు పోదాం. దాని ఐ రిలీఫ్ ఎంత తక్కువంటే కనురెప్ప వెంట్రుకలు కటకాన్ని తుడుస్తుంటాయి. దానికి రబ్బరు వెతకడం దండగ. ఆ ఐపీసును పక్కన పెట్టడమే మేలు.

మూడో పని రక్షణ. కళ్లద్దాలు పెట్టుకున్నవారు వంగినప్పుడు ఐపీసు గట్టి అంచు అద్దాన్ని గీయకుండా, కాటుక, నూనె, కన్నీటి తడి కటకానికి అంటకుండా మధ్యలో మెత్తటి అడ్డు ఉండాలి. ఊళ్లో ఆకాశ దర్శనం ముగిశాక ఐపీసును టార్చి వెలుగులో చూస్తే కటకం మీద నల్లటి మసక చారలు కనిపిస్తాయి. అవి చాలావరకు కాటుక మరకలు. కాటుకలో నూనె ఉంటుంది కాబట్టి ఊరికే గుడ్డతో రుద్దితే పోదు, కటకమంతా పులుముకుంటుంది. పూతను గీకకుండా తుడవాలంటే ముందు ధూళిని ఊదేసి, కటకాలు తుడిచే ద్రవంతో తడిపిన దూదితో, ఒత్తకుండా అద్దాలి. ఒక్కో ఐపీసుకు ఇంత పని కన్నా రబ్బరు మార్చడం తేలిక.

ఇక సిద్ధంగా ఎందుకు దొరకదంటే, ఐపీసుల్లో ప్రమాణమంటూ ఉన్నది అడుగు భాగానికే. టెలిస్కోపులో దూరే గొట్టం అయితే 31.75 మి.మీ., లేదా 50.8 మి.మీ. ఉంటుంది. పాత జపాను టెలిస్కోపుల్లో 24.5 మి.మీ. కూడా ఉండేది. పై తల వ్యాసానికి మాత్రం ఏ లెక్కా లేదు, ఒక్కో కంపెనీది ఒక్కో కొలత. ఒకే కంపెనీలో 10 మి.మీ. ఐపీసు తల ఒకలా, 25 మి.మీ.ది ఇంకోలా ఉంటుంది. అందుకే ఏ దుకాణమూ వీటిని నిల్వ ఉంచదు. జర్మనీ, అమెరికా కంపెనీల రబ్బరు తెప్పించుకోవచ్చు కానీ, చేతికి అందేసరికి రబ్బరు ధరను తపాలా ఖర్చు, సుంకం మించిపోతాయి. పైగా కొలత కుదురుతుందన్న భరోసా లేదు.

దగ్గరి దారులు కొన్ని ఉన్నాయి. కాలేజీ, ఆసుపత్రి ప్రయోగశాలల్లో సూక్ష్మదర్శినులకు కంటి రబ్బరు ఉంటుంది. శాస్త్ర పరికరాల తయారీకి పేరుపడ్డ హర్యానాలోని అంబాలా నుంచి ఇలాంటి సరుకు దేశమంతటికీ వెళ్తుంది. ల్యాబు సామాను అమ్మే దుకాణంలో అడిగితే తెప్పిస్తారు. చిన్న ఐపీసులకు ఇవి కొన్నిసార్లు సరిగ్గా కూర్చుంటాయి. రెండోది, పెళ్లి వీడియోలు తీసే పాత కెమెరాలు. వాటి వ్యూఫైండర్‌కు పెద్ద రబ్బరు తొడుగు ఉంటుంది, ఒక పక్క పొడుగ్గా కంటి చుట్టూ వంపు తిరిగి ఉంటుంది. పాత ఫొటో స్టూడియోల్లో, కెమెరా రిపేరు షాపుల్లో మూలన పడి ఉన్న వాటి మీద ఓ కన్నేసి ఉంచడం మంచిది. వెలుతురు ఆపడంలో ఆ ఆకారాన్ని మించింది లేదు. అయితే దాని మెడ గుండ్రంగా ఉండకపోవచ్చు, మధ్యలో ఇంకో రింగు అతికించుకోవాలి.

సామాను దుకాణంలో మడతపడే సిలికాన్ గరాటా కూడా వాడుకోదగ్గదే. సిలికాన్ ఎండకూ నూనెకూ లొంగదు, సబ్బుతో కడగవచ్చు. గరాటాను పైన కావలసినంత వెడల్పు దగ్గరా, కింద ఐపీసు పట్టేంత దగ్గరా కోస్తే కప్పు తయారు. ఒకటే లోటు, లేత రంగు సిలికాన్ గుండా వెలుతురు దూరుతుంది. నల్లది దొరికితేనే కొనాలి. నిర్మల్ బొమ్మల పొణికి కర్రతో కప్పు చెక్కిస్తే ఎలా ఉంటుందని కూడా ఎవరికైనా తోచవచ్చు. చూడముచ్చటగా ఉంటుంది, బరువూ తక్కువ. కానీ కర్ర అంచు కళ్లద్దాలను గీస్తుంది, కంటికి మెత్తగా ఆనదు. దాన్ని షోకేసులో పెట్టుకోవాలి.

అన్నిటికన్నా పనికొచ్చేది పంక్చర్ షాపులో పారేసే ట్యూబు ముక్క. సైకిల్ ట్యూబుదో, బండి ట్యూబుదో, ఐపీసు తలను బట్టి ఎంచుకోవాలి. మోటారు సైకిల్ ట్యూబులు ఎక్కువగా బ్యూటైల్ రబ్బరువి కాబట్టి ఎండకూ ఓజోనుకూ సహజ రబ్బరు కన్నా బాగా తట్టుకుంటాయి. కొలత లెక్క తేలిక. ఐపీసు తల చుట్టూ ఒక కాగితం ముక్క చుట్టి చుట్టుకొలత గుర్తు పెట్టుకోవాలి. ట్యూబును నేల మీద పరిచినప్పుడు దాని వెడల్పు ఆ చుట్టుకొలతలో సగం కన్నా పది పన్నెండు శాతం తక్కువ ఉండాలి. తల వ్యాసం 34 మి.మీ. అనుకుంటే చుట్టుకొలత దాదాపు 107 మి.మీ., అందులో సగం 53, కాబట్టి పరిచిన వెడల్పు 46 నుంచి 48 మి.మీ. ఉన్న ట్యూబు కావాలి. అప్పుడు బిగువుగా పట్టుకుంటుంది, జిగురు అవసరం రాదు. జిగురు పెట్టకపోవడమే మంచిది కూడా, తీసి కడగడానికి, పైకీ కిందికీ జరపడానికి వీలుంటుంది.

తొడిగే ముందు ఒక జాగ్రత్త. ట్యూబు లోపల అంటుకోకుండా పౌడరు చల్లి ఉంటుంది. అలాగే తొడిగితే ఆ తెల్లటి పొడి నేరుగా కటకం మీద రాలుతుంది. ముక్క లోపలివైపును బయటికి తిప్పి, సబ్బు నీళ్లలో పాత బ్రష్షుతో తోమి, నీడలో ఆరబెట్టాలి. ఒక రోజు గాలికి వదిలేస్తే వాసన కూడా తగ్గుతుంది. తెల్లటి దస్తీతో గట్టిగా రుద్ది చూడండి. దస్తీకి నలుపు అంటితే రేపు కంటి చుట్టూ కూడా అంటుతుంది, ఆ ముక్క వద్దు. వాల్వు ఉన్న చోటు, ప్యాచీ వేసిన చోటు వదిలేసి అరచేతి వెడల్పు ముక్క కోసుకుని, పై అంచును ఒక వేలు మందం బయటికి మడిస్తే మెత్తటి గుండ్రటి అంచు వస్తుంది. మొదట ఎక్కువ ఎత్తే ఉంచి, కన్ను ఆనించి చూస్తూ కొద్దికొద్దిగా కిందికి జరపాలి. దృశ్యం గుండ్రటి అంచు మొత్తం ఒకేసారి కనిపించి, చిక్కుడు గింజ నీడలు రాని చోట ఆపాలి. ఆ గీత దగ్గర ఐపీసు మీద తెల్ల పెయింటుతో చుక్క పెట్టుకుంటే మళ్లీ వెతకనక్కర్లేదు.

ఇంకొంచెం ఓపిక ఉంటే ముక్కను ఏటవాలుగా కోయండి. కణత వైపు పొడుగు, ముక్కు వైపు పొట్టి. పక్కలైటు ఎక్కువగా వచ్చేది కణత వైపు నుంచే. ముక్కు వైపు ముక్కే అడ్డం ఉంది కదా. ఒకే ఒక్క విషయం, చలికాలంలో కప్పు కంటికి పూర్తిగా అతుక్కుంటే కంటి తడికి కటకం మీద పొగమంచు కమ్మినట్టు అవుతుంది. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ కనిష్ఠ ఉష్ణోగ్రత ఒంటి అంకెకు దిగిపోతుంది. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌లో నాగోబా జాతర జరిగే ఆ రోజుల్లోనే ఆకాశం అన్నిటికన్నా శుభ్రంగా, చీకటిగా ఉంటుంది, ఇగం కూడా అప్పుడే ఎముకలు కొరుకుతుంది. అందుకని ముక్కు వైపు అంచులో చిన్న గంటు పెట్టి గాలి ఆడనివ్వాలి. పట్టణంలో వెలుతురు సంపూర్ణంగా ఆపే కప్పు మంచిదైతే, ఉట్నూరు చలిలో కాస్త సందు ఉన్న కప్పే మంచిది.

కళ్లద్దాల వారి సంగతి వేరే చూడాలి. దగ్గరి చూపో, దూరపు చూపో మాత్రమే తేడా ఉంటే అద్దాలు తీసేసి ఫోకస్ సరిచేసుకుంటే సరిపోతుంది, రబ్బరు మామూలుగానే పనిచేస్తుంది. సిలిండర్ పవర్ ఉన్నవారికి ఫోకస్ దాన్ని సరిచేయలేదు. అయితే అన్ని ఐపీసులతోనూ వారికి ఇబ్బంది ఉండదు. 70 మి.మీ. వ్యాసం, 700 మి.మీ. ఫోకల్ దూరం ఉన్న టెలిస్కోపులో 10 మి.మీ. ఐపీసు పెడితే కంటిలోకి వచ్చే కాంతి పుంజం మందం 1 మి.మీ. మాత్రమే. అంత సన్నటి పుంజంతో సిలిండర్ లోపం పెద్దగా తెలియదు. 25 మి.మీ. ఐపీసుతో పుంజం 2.5 మి.మీ. అవుతుంది, అప్పుడు నక్షత్రాలకు తోకలు మొలవడం మొదలవుతుంది. అక్కడ అద్దాలు ఉంచుకోవాలి, రబ్బరును కిందికి మడవాలి, ఐ రిలీఫ్ కనీసం 15 మి.మీ. ఉండాలి, 20 ఉంటే హాయి. వీరికి పక్కలైటు ఆపే పని రబ్బరు చేయలేదు. దానికి నల్లగుడ్డే గతి.

నల్లగుడ్డను తక్కువ చేసి చూడకూడదు. పాతకాలం స్టూడియోలో ఫొటోగ్రాఫరు కెమెరా వెనక నల్లగుడ్డ కప్పుకున్నట్టే, తలమీద ముదురు రంగు చెద్దరు కప్పుకుని ఐపీసు దగ్గర వంగితే పక్కలైటు సమస్య పూర్తిగా తీరిపోతుంది. ఏ ఐపీసుకైనా, ఏ కంటికైనా, అద్దాలున్నా లేకున్నా పనిచేసే కంటి రబ్బరు ఇదొక్కటే. చలిలో ఊపిరి కటకం మీద పడకుండా గడ్డం కింద గుడ్డ తెరిచి ఉంచాలి, అంతే. ఎండాకాలం చెమట పడుతుంది, నిజమే. నీహారికలు చూసే కాలం ఎండాకాలం కాదు కదా.

ఈ ప్రాంతానికి టెలిస్కోపు కొత్త కాదు. కరీంనగర్, ఆదిలాబాద్ నిజాం రాజ్యంలో ఉన్న రోజుల్లో, 1901లో నవాబ్ జఫర్ జంగ్ 15 అంగుళాల గ్రబ్ టెలిస్కోపు కొన్నారు. దాన్నుంచి పుట్టిన నిజామియా వేధశాల ఆకాశ పటం తయారీ కోసం అంతర్జాతీయంగా పంచుకున్న పనిలో దక్షిణ క్రాంతి 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫొటో తీసింది. తర్వాత ఉస్మానియా విశ్వవిద్యాలయం జాపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. వాళ్లకు గోపురాలు ఉండేవి, చుట్టూ చీకటి ఉండేది. గోపురం లేనివాడికే కంటి రబ్బరు కావాలి. మిద్దె మీద, బడి మైదానంలో, పొలం గట్టున నిలబడి చూసే మనకు ఆ గోపురమంతా ఈ రబ్బరు ముక్కలోనే ఉంది.

ఇప్పుడు బడి మైదానానికి వద్దాం. నా అభిప్రాయంలో ఇక్కడ మామూలు సలహా తప్పుతోంది. పిల్లలకు బాగా కనబడాలని టీచర్లు మంచి పొడవాటి రబ్బరు తొడుగుతారు. వరసలో నిలబడ్డ ప్రతి పిల్లా పిల్లవాడూ అదే రబ్బరుకు కన్ను ఆనిస్తారు. 2023 జూలై, ఆగస్టు నెలల్లో తెలంగాణ అంతా కళ్లకలకతో ఎంత ఇబ్బంది పడిందో గుర్తుంది కదా. కళ్లకలకకు తరచు కారణమయ్యే ఎడినోవైరస్ పొడి వస్తువుల మీద కూడా రోజుల తరబడి బతికి ఉంటుంది. నలుగురి కళ్లూ తాకే రబ్బరు దానికి రాచబాట. మధ్యమధ్య శానిటైజరు రాస్తే చాలనుకోవద్దు. ఈ వైరస్‌ను అది ప్రతిసారీ చంపలేదు, పైగా ఆ తడి కంటికి తగిలితే మంట.

అందుకే నలుగురికీ చూపించేటప్పుడు రబ్బరును తీసేయాలి, లేదా పూర్తిగా కిందికి మడిచి కన్ను దేనికీ తగలకుండా చూడమని చెప్పాలి. చూపించేది చంద్రుణ్ణో, గురుణ్ణో, శనినో అయినప్పుడు పక్కలైటుతో నష్టం తక్కువని ముందే అనుకున్నాం. ఐ రిలీఫ్ ఎక్కువగా ఉన్న 25 లేదా 32 మి.మీ. ఐపీసు పెడితే దూరంనుంచి కూడా పిల్లలు చూడగలరు. కన్ను ఎక్కడ పెట్టాలో తెలియక తడబడే చిన్నపిల్లల కోసం ఐపీసు చుట్టూ పీవీసీ పైపు ముక్క ఒకటి వదులుగా నిలబెట్టి, లోపల బ్లాక్‌బోర్డు పెయింటు వేస్తే కన్ను ఆనించకుండానే దారి తెలుస్తుంది. పైపు కాబట్టి సబ్బుతో కడిగేయవచ్చు. వరస కదిలేకొద్దీ మార్చేందుకు రెండు మూడు ఉంచుకోవచ్చు. శుక్లాల ఆపరేషన్ చేయించుకుని ఇంకా మందులు వేసుకుంటున్న పెద్దవారిని మాత్రం కన్ను దేనికీ తాకించవద్దని గట్టిగా చెప్పాలి. ముధోల్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి 1996లోనే గ్రామీణ కేంద్రం తెరిచిన ప్రాంతం ఇది. ఊళ్లలో అలాంటివారు తప్పక వస్తారు.

త్రీడీ ప్రింటరు గురించి ఈ మధ్య ఎక్కువగా వినబడుతోంది. అటల్ టింకరింగ్ ల్యాబు ఉన్న బడుల్లో ప్రింటరు ఉంటుంది కాబట్టి, పిల్లలే కొలత తీసి రింగు గీసి ముద్రించుకోవచ్చు. మంచి పాఠం అవుతుంది. కానీ బడుల్లో ఎక్కువగా వాడే పీఎల్ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో వదిలేస్తే రింగు వంకర తిరుగుతుంది. మెత్తటి టీపీయూ తీగ వాడగలిగితే అచ్చం రబ్బరు కప్పే వస్తుంది. లేదంటే గట్టి రింగు ముద్రించి, కంటికి తగిలే అంచుకు ట్యూబు ముక్క తొడగాలి. స్టేషనరీ షాపుల్లో దొరికే నల్ల ఫోమ్ షీటు చుట్టి వెల్క్రో అంటించినా ఒక చలికాలం బాగానే నడుస్తుంది, తర్వాత చెమటకు, దుమ్ముకు పాడవుతుంది. దుమ్ము మాట వచ్చింది కాబట్టి, గోదావరిఖని చుట్టుపక్కల ఉండేవారు పని కాగానే ఐపీసుకు మూత పెట్టాలి. కప్పు ఆకారంలో ఉన్న రబ్బరు బొగ్గు ధూళిని పోగుచేసి కటకం మీదికే దింపుతుంది.

ఇంకొక మాట చెప్పకుండా వదలకూడదు. కంటి రబ్బరు సూర్యుడి నుంచి కన్నును ఏమాత్రం కాపాడదు. 2019 డిసెంబరు 26 నాటిలాంటి గ్రహణం వచ్చినప్పుడు టెలిస్కోపు ముందు భాగానికి, అంటే ఆకాశంవైపు ఉండే నోటికి, సరైన సౌర ఫిల్టరు బిగించాలి. ఐపీసుకు బిగించే చిన్న నల్లద్దం ఫిల్టర్లు వేడికి పగులుతాయి. పాత టెలిస్కోపు పెట్టెలో అలాంటిది ఉంటే పారేయండి.

మొత్తం మీద నా తీర్పు ఇది: ఒంటరిగా చూసేవారికి కడిగిన ట్యూబు ముక్క, కళ్లద్దాల వారికి మడిచిన రబ్బరూ నల్లగుడ్డా, బడి పిల్లల వరసకు అసలు రబ్బరే వద్దు. విదేశీ రబ్బరు కోసం ఎదురుచూస్తూ టెలిస్కోపును అటకెక్కించడం మాత్రం ఏ లెక్కన చూసినా సమంజసం కాదు. సైన్సు టీచర్లకు ఒక విన్నపం. మీ బడి టెలిస్కోపు పెట్టె తెరిచి, ప్రతి ఐపీసు తల చుట్టుకొలతను కాగితం మీద రాసి మూత లోపలివైపు అంటించండి. ఈసారి పంక్చర్ షాపు ముందు నుంచి వెళ్లేటప్పుడు ఆ అంకె మీ జేబులో ఉండాలి.